లుక్ బాతా, తాంగ్ పద్యమా? వియత్నామీస్ పాత ఛందస్సుల్లో మీకు నప్పేది ఎంచుకోవడం

వియత్నామీస్ నేర్చుకుంటూ ఆ భాషలో పాత పద్ధతిలో ఒక పద్యం రాయాలనుకునేవాళ్ళకు మొదట ఎదురయ్యే చిక్కు ఏ ఛందస్సు పట్టుకోవాలన్నది. ముందు నాలుగు పేర్లు వినిపిస్తాయి: లుక్ బాత్, సోంగ్ థత్ లుక్ బాత్, తూ తుయెత్, థత్ ఙోన్ బాత్ కూ (పొట్టిగా బాత్ కూ). వీటిలో చివరి రెండూ చైనా నుంచి వచ్చిన తాంగ్ పద్ధతివి. ఐదోది హాత్ నోయ్, పాటకు పుట్టిన రూపం. చాలామంది పొట్టిగా ఉంది కదా అని 28 అక్షరాల తూ తుయెత్‌తో మొదలుపెట్టి రెండో పాదంలోనే ఆగిపోతారు. ఇంకొందరు తేలిక అని విని లుక్ బాత్ ఎత్తుకుంటారు. నియమాలన్నీ సరిపోయినా అది పద్యంలా ఎందుకు వినిపించడం లేదో వాళ్ళకు అర్థం కాదు. పొడవును బట్టి, కష్టాన్ని బట్టి ఎంచుకోవడంలోనే పొరపాటు ఉంది. మీ చెవికి ఏది పడుతుంది, మీ దగ్గర ఎలాంటి మాటలున్నాయి, చెప్పాల్సింది ఎంత ఉంది అన్న మూడింటిని బట్టి ఎంచుకోవాలి.

ఈ వ్యాసంలో వియత్నామీస్ మాటలను హనోయ్ ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలో రాశాను. మన పత్రికల్లో న్గుయెన్ అని కనిపించే పేరు ఇక్కడ ఙుయెన్. మన వర్ణమాలలోని ఙ సరిగ్గా ఆ ధ్వనికే ఉంది. అయితే తెలుగు లిపి స్వరాన్ని, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎత్తుపల్లాన్ని, చూపించలేదు. "పక్కన" అనే మాటా "రేవు" అనే మాటా తెలుగులో రాస్తే రెండూ "బెన్" అవుతాయి. మీరు రాసుకునేటప్పుడు మాత్రం వియత్నామీస్ లిపిలో, గుర్తులన్నీ పెట్టి రాయండి. గుర్తు పోతే స్వరం పోతుంది, స్వరం పోతే ఛందస్సే ఉండదు.

ముందు స్వరాల లెక్క

తెలుగు పద్యానికి గురువు, లఘువు ఎలాగో వియత్నామీస్ పద్యానికి బంగ్, చక్ అలాగ. ఇక్కడ దీర్ఘం, హ్రస్వం లెక్కలోకి రావు. ప్రతి అక్షరానికీ, అంటే పలికే ఒక్కో ముక్కకూ, ఆరు స్వరాల్లో ఒకటి ఉంటుంది. ఆ ముక్కనే కింద చాలాచోట్ల మాట అని కూడా అన్నాను. వాటిని రెండు జట్లుగా విడదీస్తారు:

- బంగ్ (సమం): ఏ గుర్తూ లేని ఙాంగ్, కిందికి మెల్లగా జారే హుయెన్. కింద "స" అని చూపిస్తాను.
- చక్ (వక్రం): సక్, హోయ్, ఙా, నంగ్. కింద "వ".

క, చ, త, ప ధ్వనులతో ముగిసే అక్షరాలకు సక్ గానీ నంగ్ గానీ తప్ప వేరే స్వరం రాదు. కాబట్టి అవి ఎప్పుడూ "వ" జట్టే. వియత్నామీస్ టైపు చేయడానికి టెలెక్స్ కీబోర్డు వాడేవాళ్ళకు ఇంకో తేలిక దారి ఉంది. ఆ అక్షరానికి ఎఫ్ నొక్కినా, స్వరం కోసం ఏదీ నొక్కకపోయినా అది సమం. ఎస్, ఆర్, ఎక్స్, జె ల్లో ఏది నొక్కినా వక్రం. మొదటి నెల మొత్తం ఈ ఒక్క సూత్రంతో నడిపించొచ్చు.

ప్రాస విషయంలో మన అలవాటు తిరగబడుతుంది. తెలుగు ప్రాసలో హల్లు కలవాలి, దాని మీద అచ్చు ఏదైనా పరవాలేదు. వియత్నామీస్ ప్రాసలో మొదటి హల్లు ఏదైనా కావచ్చు, అచ్చూ చివరి ధ్వనీ కలవాలి, స్వరం జట్టు కూడా కలవాలి. సోంగ్ (నది), ఖోంగ్ (లేదు) ప్రాస పదాలే. మనలాంటి యతిమైత్రి అక్కడ లేదు. విరుపు ఉంటుంది, కానీ విరిచినచోట అక్షరాలు కలవనక్కర్లేదు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

1. చెవి: విన్న మాట సమమో వక్రమో గుర్తు చూడకుండా చెప్పగలరా?
2. పదసంపద: చైనీస్ నుంచి వచ్చిన హాన్ వియెత్ పదాలు మీకు ఎన్ని తెలుసు? మన తత్సమాలు, అచ్చతెలుగు మాటల మధ్య ఉన్న తేడానే అక్కడా ఉంది. తాంగ్ పద్ధతి ఆ తత్సమాలను బాగా అడుగుతుంది. లుక్ బాత్ దేశి మాటలతో హాయిగా నడుస్తుంది.
3. విషయం కొలత: ఒక్క దృశ్యమా, వాదనా, కథా?
4. జంట పాదాలు: రెండు పాదాలను మాటకు మాట ఎదురెదురుగా నిలబెట్టే పనికి ఓపిక ఉందా?
5. వినేవాళ్ళు: పద్యం ఇంట్లో చదవడానికా, పాతకాలపు పద్యగోష్ఠిలో పెట్టడానికా? గోష్ఠిలో పెద్దలు మొదట చూసేది నియమాలనే.

| రూపం | కొలత | ప్రాస | జంట పాదాలు | హాన్ వియెత్ అవసరం | బాగా పట్టేది |
|---|---|---|---|---|---|
| లుక్ బాత్ | 6, 8 అక్షరాల జంటలు, ఎన్నైనా | గొలుసులా మారుతూ పోతుంది, సమం | అక్కర్లేదు | తక్కువ | కథ, జ్ఞాపకం, మాటల్లాంటి ధోరణి |
| సోంగ్ థత్ లుక్ బాత్ | 7-7-6-8 | వక్రం, సమం రెండూ | ఐచ్ఛికం, ఉంటే అందం | మధ్యస్థం | ఎడబాటు, దుఃఖం |
| తూ తుయెత్ | 7 × 4 = 28 | 1, 2, 4 పాదాల చివర | అక్కర్లేదు | మధ్యస్థం | ఒక్క దృశ్యం, ఒక్క మలుపు |
| థత్ ఙోన్ బాత్ కూ | 7 × 8 = 56 | 1, 2, 4, 6, 8 పాదాల చివర | 3-4, 5-6 తప్పనిసరి | ఎక్కువ | దృశ్యం నుంచి ఆలోచనకు వెళ్ళేది |
| హాత్ నోయ్ | మామూలుగా 11 పాదాలు | వక్రం, సమం మారుతూ | ఇష్టాన్ని బట్టి | ఎక్కువ | పాడేది, స్వేచ్ఛగా సాగేది |

లుక్ బాత్

లుక్ అంటే ఆరు, బాత్ అంటే ఎనిమిది. పేరు తెలియని జానపదుల పాటలు చాలావరకు ఇందులోనే ఉన్నాయి. ఙుయెన్ జూ (1765–1820) రాసిన 3,254 పాదాల చుయెన్ కియేవ్ కావ్యమూ ఇదే ఛందస్సు. మన ద్విపదలాగే కథ ఎంత పొడుగున్నా మోస్తుంది, పాడుకోవడానికీ ఒదుగుతుంది.

నియమం చిన్నది. ఆరు అక్షరాల పాదంలో 2, 4, 6 స్థానాలు స-వ-స. ఎనిమిది అక్షరాల పాదంలో 2, 4, 6, 8 స్థానాలు స-వ-స-స. ఆరు పాదం, అంటే ఆరు అక్షరాల పాదం, చివరి మాట ఎనిమిది పాదంలోని ఆరో మాటతో ప్రాస కలవాలి. ఎనిమిది పాదం చివరి మాట తర్వాతి ఆరు పాదం చివరతో కలవాలి. ఇలా గొలుసు సాగుతుంది.

ఒక జంటను దగ్గరగా చూద్దాం. "ఈ సాయంత్రం నది పక్కన చిరుజల్లు, పడవ పడుకుని ఎదురుచూస్తోంది, రేవులో మనిషి నీడ లేదు" అనే అర్థంతో ఉదాహరణ కోసం కట్టింది:

చియేవ్ నాయ్ మువా ఞో బెన్ సోంగ్
కోన్ దో నమ్ దోయ్, బెన్ ఖోంగ్ బాంగ్ ఙుయోయ్

| స్థానం | 1 | 2 | 3 | 4 | 5 | 6 | 7 | 8 |
|---|---|---|---|---|---|---|---|---|
| ఆరు | చియేవ్ స | నాయ్ స | మువా స | ఞో వ | బెన్ స | సోంగ్ స | | |
| ఎనిమిది | కోన్ స | దో స | నమ్ స | దోయ్ వ | బెన్ వ | ఖోంగ్ స | బాంగ్ వ | ఙుయోయ్ స |

సోంగ్, ఖోంగ్ ప్రాస కుదిరింది. ఇప్పుడు రెండో పాదం చివర "మనిషి నీడ లేదు"కు బదులు "ఎవరూ కనిపించరు" అని "బెన్ ఖోంగ్ థే ఆయ్" రాశామనుకోండి. అర్థం బాగుంది, ఎనిమిదో స్థానంలో ఆయ్ సమమే, పట్టిక ప్రకారం తప్పేమీ లేదు. అయినా చెవికి చప్పగా తగులుతుంది. ఖోంగ్, ఆయ్ రెండూ ఙాంగ్ స్వరమే కావడం కారణం. ఎనిమిది పాదంలో 6, 8 స్థానాలు రెండూ సమమే అయినా ఒకటి ఙాంగ్ అయితే మరొకటి హుయెన్ కావాలి. పైన ఖోంగ్ ఙాంగ్, ఙుయోయ్ హుయెన్, కాబట్టి పాదం దిగి ఆగుతుంది. కొత్తవాళ్ళ లుక్ బాత్‌లో సగం తప్పులు ఇక్కడే దొరుకుతాయి.

రెండో తప్పు నాలుగో స్థానంలో జరుగుతుంది. "చిరుజల్లు"కు బదులు "ఎగిరే జల్లు" అని మువా బాయ్ రాస్తే ఆరు అక్షరాలూ సమమే అయిపోతాయి. పాదం నేలమీద పాకుతుంది. నాలుగో స్థానంలోని వక్రమే ఆ పాదానికి వెన్నెముక.

తర్వాతి జంట ఙుయోయ్‌తో కలవాలి:

ఆయ్ దీ దే లాయ్ ను కుయోయ్
నువా థేవ్ కోన్ నుయోక్, నువా చోయ్ చియేవ్ హోమ్

"వెళ్ళినవాళ్ళు ఒక నవ్వు వదిలి వెళ్ళారు, సగం నీళ్ళ వెంట, సగం మలిసంధ్య ఆకాశానికి." కుయోయ్, చోయ్ పూర్తిగా ఒకటి కావు, దగ్గరి ప్రాస. దీన్ని పాత కవులూ ఒప్పుకున్నారు. అలాగని ప్రతి జంటలోనూ దగ్గరి ప్రాసే వాడితే గొలుసు వదులైపోతుంది. నాలుగు జంటల్లో ఒకటి రెండు చాలు.

లుక్ బాత్ విరుపు మామూలుగా 2/2/2, 2/2/2/2. ఆరు పాదాన్ని 3/3గా విరిచి రెండు సగాలను ఎదురెదురు పెట్టినప్పుడు రెండో స్థానం వక్రమైనా చెల్లుతుంది. చుయెన్ కియేవ్‌లో అక్కాచెల్లెళ్ళ వర్ణన దగ్గర అలాంటి పాదం ఉంది. అది తప్పు కాదు, విరుపు మారింది కాబట్టి బరువు మారింది. కానీ ఈ వెసులుబాటు మొదటి ఆరు నెలలు వాడకండి.

ఇంత తేలికైన రూపంలో అసలు కష్టం ఒక్కటే: అది జారిపోతుంది. ప్రాస సులువుగా దొరుకుతుంది, పాదాలు వాటంతటవే వస్తాయి, చూస్తుండగానే నలభై పాదాలు అవుతాయి. వాటిలో గుర్తుండేవి రెండు కూడా ఉండకపోవచ్చు. కాబట్టి నాలుగు పాదాలతో ఆపడం నేర్చుకోండి. ముందు ఎనిమిది పాదం రాసి, అందులోని ఆరో మాటకు ప్రాసగా వచ్చేలా ఆరు పాదాన్ని తర్వాత కట్టండి. బరువైన మాట సరైన చోట నిలుస్తుంది.

సోంగ్ థత్ లుక్ బాత్

రెండు ఏడక్షరాల పాదాలు, వాటి కింద ఒక ఆరు, ఒక ఎనిమిది. ఏడక్షరాల పాదాల్లో చూడాల్సిన స్థానాలు 3, 5, 7. మొదటిదాంట్లో వ-స-వ, రెండోదాంట్లో స-వ-స. మొదటి ఏడు పాదం చివర వక్ర ప్రాస ఉంటుంది, అది రెండో ఏడు పాదంలో ఐదో మాటతో కలుస్తుంది. రెండో ఏడు చివరి మాట ఆరు పాదం చివరతో, ఆరు చివర ఎనిమిదిలోని ఆరో మాటతో కలుస్తాయి. ఎనిమిది చివరి మాట తర్వాతి చరణంలో మొదటి ఏడు పాదపు ఐదో మాటతో (కొన్నిచోట్ల మూడో మాటతో) కలుస్తుంది.

ఇది ఎడబాటు ఛందస్సు. దంగ్ చన్ కోన్ చైనీస్‌లో రాసిన సైనికుడి భార్య విలాపాన్ని వియత్నామీస్‌లోకి తెచ్చినప్పుడు వాడింది ఇదే. ఙుయెన్ జా థియేవ్ రాసిన అంతఃపుర స్త్రీ గోడు కూడా ఇందులోనే ఉంది. ఏడక్షరాల పాదాలు 3/4గా విరుగుతాయి, మొదటి మూడు మాటలు నిట్టూర్పులా వస్తాయి. తాంగ్ పద్యంలో ఏడు పాదం 4/3. ఇది మరిచిపోయి 4/3గా రాస్తే స్వరాలన్నీ సరిగ్గా ఉన్నా ఏదో పరాయి పద్యం అతికించినట్టు ఉంటుంది.

లుక్ బాత్ మీద పట్టు వచ్చాక, కథ కాకుండా ఒకే భావాన్ని నలభై యాభై పాదాలు తిప్పి తిప్పి చెప్పాల్సి వచ్చినప్పుడు దీన్ని తీసుకోండి. మొదటి రూపంగా తీసుకోకండి. ఒకే చరణంలో వక్ర ప్రాసనూ సమ ప్రాసనూ పట్టుకోవడం కొత్త చెవికి మించిన పని.

తాంగ్ పద్ధతి: నాలుగు పాదాలు, ఎనిమిది పాదాలు

వియత్నామీస్‌లో దుయాంగ్ లువత్, అంటే తాంగ్ నియమం. పాత రాజ్యపరీక్షల్లో చైనీస్‌లో పద్యం రాయడం ఉండేది. 1919లో ఆ పరీక్షలు ఆగిపోయేదాకా చదువుకున్న ప్రతివాడికీ ఈ పట్టిక కంఠతా ఉండేది. దేశభాషలోనూ ఈ పద్ధతి చాలా ముందు నుంచే ఉంది. పదిహేనో శతాబ్దంలో ఙుయెన్ చాయ్ రాసిన 254 దేశభాషా పద్యాల్లో ఏడక్షరాల పాదాల మధ్య ఆరక్షరాల పాదాలు కలిసి వస్తాయి. పద్ధతిని అరువు తెచ్చుకుని తమ చెవికి తగ్గట్టు సాగదీశారన్నమాట. 1932లో కొత్త కవిత్వం మొదలయ్యాకే దీనికి "పాత పద్యం" అనే పేరు గట్టిపడింది.

మన వృత్తాలు రాసినవాళ్ళకు ఇది ఇంటి మనిషిలా అనిపిస్తుంది. ఉత్పలమాలకు గణాల పట్టిక ఎలాగో దీనికి స్వరాల పట్టిక అలాగ. 1, 3, 5 స్థానాలు వదిలేయొచ్చు, 2, 4, 6 మాత్రం కచ్చితం. మొదటి పాదంలో రెండో మాట సమమైతే మొత్తం పద్యం ఈ పట్టికలో నడుస్తుంది (2-4-6-7 స్థానాలు):

| పాదం | 2 | 4 | 6 | 7 | పని |
|---|---|---|---|---|---|
| 1 | స | వ | స | స ప్రాస | ఎత్తుగడ |
| 2 | వ | స | వ | స ప్రాస | ఎత్తుగడ |
| 3 | వ | స | వ | వ | దృశ్యం, జంట |
| 4 | స | వ | స | స ప్రాస | దృశ్యం, జంట |
| 5 | స | వ | స | వ | ఆలోచన, జంట |
| 6 | వ | స | వ | స ప్రాస | ఆలోచన, జంట |
| 7 | వ | స | వ | వ | ముగింపు |
| 8 | స | వ | స | స ప్రాస | ముగింపు |

మొదటి పాదంలో రెండో మాట వక్రమైతే 2, 4, 6 స్థానాలన్నీ తిరగేయండి. ఏడో స్థానం మాత్రం మారదు. తూ తుయెత్‌కు పైనున్న నాలుగు వరుసలు చాలు.

2-3, 4-5, 6-7, 1-8 పాదాల రెండో స్థానాలు ఒకే జట్టు కావడం గమనించండి. దీన్ని నియెమ్ అంటారు, అంటే అతుకు. పాదాలు విడివిడిగా సరిగ్గా ఉండి అతుకు తప్పిన పద్యాలు చాలా కనిపిస్తాయి. సాధారణంగా మూడో పాదాన్ని మొదటి పాదంలా మొదలుపెట్టడం వల్ల ఇలా జరుగుతుంది. రెండేసి పాదాలు విడివిడిగా రాసి తర్వాత కలిపేవాళ్ళకు ఇది తప్పకుండా ఎదురవుతుంది. 1, 3, 5 స్థానాలకు స్వేచ్ఛ ఉన్నా, సమం రావాల్సినచోట వక్రం పెట్టడం వల్ల పాదం నోటికి ముల్లులా తగిలితే దాన్ని ఖో దోక్, "చదవడానికి చేదు" అంటారు. పట్టికలో అది కనబడదు, గొంతెత్తి చదివితేనే తెలుస్తుంది.

తాంగ్ పద్యానికి ప్రాణం దోయ్, అంటే జంట పాదాల ఎదురుబొదురు. ఇందులో మూడు పొరలుంటాయి: స్వరం ఎదురు కావాలి, వ్యాకరణం ఒకటి కావాలి, అర్థం ఒకదానికొకటి తోడో ఎదురో కావాలి. పైన లుక్ బాత్‌లో రాసిన నది దృశ్యాన్నే 3-4 పాదాలుగా కడదాం:

మువా ఞో బెన్ సోంగ్, థుయెన్ మోయ్ గే
చియేవ్ తాన్ కువోయ్ బెన్, ఖాచ్ చువా వే

"నది పక్కన చిరుజల్లు, పడవ ఇప్పుడే ఆగింది, రేవు చివర అస్తమించే సాయంత్రం, అతిథి ఇంకా తిరిగి రాలేదు." జల్లుకు సాయంత్రం, చిరుకు అస్తమించే, నది పక్కనకు రేవు చివర, పడవకు అతిథి, ఇప్పుడేకు ఇంకా-లేదు, ఆగడానికి తిరిగిరావడం. నామవాచకానికి నామవాచకం, క్రియకు క్రియ ఎదురుగా నిలబడ్డాయి. 2-4-6-7 స్థానాల్లో మొదటిది వ-స-వ-వ, రెండోది స-వ-స-స.

మొదట చేతికొచ్చేది ఇది కాదు. "పడవ ఇంకా రాలేదు, అతిథి ఇంకా రాలేదు" అనే రూపం ముందు వస్తుంది. "ఇంకా లేదు" అనడానికి చువా అనే మాట రెండు స్వరాల్లో దొరుకుతుంది, మామూలుది సమం, పాతది వక్రం. పట్టిక చక్కగా నిండుతుంది. కానీ రెండు పాదాలూ ఒకే సంగతి చెబుతాయి. దీన్ని రెండు అరచేతులు కలిపినట్టుందని తప్పుపడతారు. జంట పాదాల్లో రెండోది మొదటిదానికి కొత్త సంగతి చేర్చాలి. పడవ వచ్చింది, మనిషి రాలేదు అన్నప్పుడే ఆ రెండింటి మధ్య ఖాళీ కనిపిస్తుంది.

ఈ పని ఎంత దూరం వెళ్ళగలదో తెలియాలంటే బా హుయెన్ థాన్ క్వాన్ అనే కవయిత్రి రాసిన దేవో ఙాంగ్ కనుమ పద్యంలోని ఐదు, ఆరు పాదాలు చూడండి. ఒకదాంట్లో "క్వోక్ క్వోక్" అని ఒక పక్షి కూత, ఎదురుగా "జా జా" అని ఇంకో పక్షి కూత. చైనీస్ నుంచి వచ్చిన క్వోక్ అంటే దేశం, జా అంటే ఇల్లు. అందుకే అదే పాదాల్లో ముందు "దేశాన్ని తలచి", "ఇంటిని ప్రేమించి" అనే మాటలు దేశి పదాలతో వస్తాయి. కనుమ దాటుతున్న ఒంటరి మనిషి దుఃఖం అంతా రెండు పిట్టల కూతల్లో పట్టింది. మక్కీకి మక్కీ అనుకరించడానికి కాదు, జంట పాదం అంటే ఏమిటో చెవికి తెలియడానికి ఈ పద్యం కంఠస్థం చేయండి.

ప్రాస ఎంపిక బాత్ కూలో సగం పని. ఒకే ప్రాస మాటలు ఐదు కావాలి. ఙుయెన్ ఖుయెన్ (1835–1909) శరత్కాలపు చేపలవేట పద్యంలో "ఏవ్" అనే ఇరుకు ప్రాస పట్టుకుని ఐదూ నిలబెట్టాడు. ఆ ఇరుకుతనమే చెరువు చిన్నదనాన్ని, నిశ్శబ్దాన్ని వినిపిస్తుంది. అది సిద్ధహస్తుల పని. మీరు "ఆ" గానీ "ఉయాంగ్" గానీ తీసుకోండి. థుయాంగ్ (ప్రేమ), హుయాంగ్ (సువాసన), సుయాంగ్ (మంచు), దుయాంగ్ (దారి), ఫుయాంగ్ (దిక్కు) అన్నీ సమమే. అయితే ఇవి ఎంత తేలికగా దొరుకుతాయో అంత అరిగిపోయినవి కూడా. ఐదింట్లో ఒక్కటైనా ఎవరూ ఊహించని మాట ఉండేలా చూసుకోండి.

స్వరం కుదరనప్పుడు అర్థం మార్చకుండా మాట మార్చుకోవడానికి ఇలాంటి జంటలు దగ్గర పెట్టుకోవాలి:

| అర్థం | సమం | వక్రం |
|---|---|---|
| చంద్రుడు | చంగ్ | ఙుయెత్ |
| గాలి | ఫోంగ్ | జో |
| కొండ | నోన్, సోన్ | నూయ్ |
| వాన | మువా | వూ |
| కాదు, లేదు | ఖోంగ్ | చంగ్ |

చివరి వరుసలోని వక్రపు చంగ్ వేరే మాట, చంద్రుడు కాదు. తెలుగు లిపిలో రెండూ ఒకటిగా కనిపిస్తున్నాయి, అంతే. ఇంకో హెచ్చరిక: ఫోంగ్, ఙుయెత్, వూ హాన్ వియెత్ మాటలు. అవి సమాసాల్లో ఇముడుతాయి గానీ దేశి మాట పక్కన ఒంటరిగా పెడితే "చల్లని మారుతం వీస్తోంది రోయ్" అన్నట్టు ఉంటుంది. జంట పాదాల్లో తత్సమానికి ఎదురుగా తత్సమం, దేశికి ఎదురుగా దేశి నిలబెట్టడం మంచి అలవాటు.

తాంగ్ పాదంలో చోటు తక్కువ. "యొక్క" అని అర్థమొచ్చే కువా, "అంటే" అనే లా, "అయితే" అనే థీ లాంటి అతుకుమాటలు వచనం వాసన కొడతాయి. "నేను", "నువ్వు" కూడా చాలావరకు తీసేయొచ్చు. లుక్ బాత్‌లో మాత్రం లా, మా లాంటివి తప్పేమీ కాదు. చుయెన్ కియేవ్ మొదటి నాలుగు పాదాల్లోనే అవి రెండూ ఉన్నాయి.

తూ తుయెత్ గురించి ప్రత్యేకంగా ఒక మాట. జంట పాదాల బాధ్యత లేదు కాబట్టి బాత్ కూ కన్నా తేలిక అనిపిస్తుంది. కానీ మూడో పాదంలో మలుపు రావాలి. ఎత్తుకోవడం, కొనసాగించడం, తిప్పడం, ముడివేయడం నాలుగే పాదాల్లో జరగాలి. కవయిత్రి హో సువన్ హుయాంగ్ నీళ్ళలో ఉడికే బెల్లం ఉండ్రాళ్ళ మీద రాసిన పద్యం ఇందుకు పాఠం. పైకి పిండివంట, లోపల స్త్రీ బతుకు, అదీ 28 అక్షరాల్లో, దాదాపు అన్నీ ఇంట్లో వాడే మాటలతో. తత్సమాలు లేకుండా తాంగ్ పద్ధతి నడవదనుకునేవాళ్ళకు అదే జవాబు.

హాత్ నోయ్

కా చూ అనే పాటకచేరీ కోసం రాసే రూపం ఇది. వెదురు చిరుతలు, పొడుగు మెడ మూడు తంత్రుల వాద్యం, చిన్న డోలు ఉంటాయి. కా చూను 2009లో యునెస్కో తక్షణ సంరక్షణ కావాల్సిన కళల జాబితాలో చేర్చింది. నిండు రూపానికి 11 పాదాలు, 4-4-3గా. ఐదు, ఆరు పాదాలు తరచూ చైనీస్‌లో జంటగా వస్తాయి, చివరి పాదం ఆరు అక్షరాలు. మిగతా పాదాల పొడుగు స్వేచ్ఛగా మారుతుంది. ఙుయెన్ కోంగ్ చూ (1778–1858) ఈ రూపాన్ని తన స్వభావానికి అచ్చుగుద్దినట్టు వాడుకున్నాడు. పాట వినకుండా దీన్ని కాగితం మీద రాయడం వృథా ప్రయాస. ఏడక్షరాల పాదం చేతికి బాగా అలవాటయ్యాక, గాయకుల పాడే తీరు పదులసార్లు విన్నాక చూసుకోవచ్చు.

ఎవరికి ఏది

తెలుగులో కందం, వృత్తాలు రాసే అలవాటున్నవాళ్ళు తూ తుయెత్‌తో మొదలుపెట్టండి. పట్టికలో నడవడం మీకు కొత్త కాదు, కొత్తది స్వరం ఒక్కటే. మీకున్న ప్రమాదం యతిస్థానంలో అక్షరం కలిపే అలవాటు. అది ఇక్కడ ఎవరికీ వినిపించదు, పైగా మాటల ఎంపికను చెడగొడుతుంది.

వియత్నాంలో పనిచేస్తూ, చదువుకుంటూ, మాట్లాడుతూ భాష పట్టుకున్నవాళ్ళకు లుక్ బాత్. మీ దగ్గర తత్సమాలు తక్కువ, వాడుకమాటలు ఎక్కువ, అదే దానికి బలం. హోచిమిన్ సిటీలో నేర్చుకున్నవాళ్ళకు ఒక జాగ్రత్త. దక్షిణాదిలో హోయ్, ఙా స్వరాలు ఒకేలా పలుకుతారు. రెండూ వక్రమే కాబట్టి ఛందస్సు చెడదు, స్పెల్లింగ్ మాత్రం చూసుకోవాలి. కానీ అక్కడ "ఆన్", "ఆంగ్" ముగింపులు కూడా కలిసిపోతాయి. మీ చెవికి చక్కగా కుదిరిన ప్రాస రాతలో తప్పు ప్రాస అవుతుంది. ప్రాస మాటలను ప్రతిసారీ రాతలో సరిచూడండి.

చైనీసో జపనీసో చదివినవాళ్ళు, చైనీస్ అక్షరాలు తెలిసినవాళ్ళు నేరుగా బాత్ కూకు వెళ్ళొచ్చు. మీ చిక్కు దీనికి వ్యతిరేకం: పద్యం అంతా హాన్ వియెత్ అయిపోయి వియత్నామీస్ అమ్మమ్మకు అర్థం కాకుండా పోతుంది. 56 అక్షరాల్లో కనీసం సగం దేశి మాటలు ఉండాలని హద్దు పెట్టుకోండి.

పుట్టినరోజుకో, పెళ్ళికో వియత్నామీస్ స్నేహితులకు పద్యం ఇవ్వాలంటే నాలుగు పాదాల లుక్ బాత్ చాలు. తాంగ్ పద్యం ఇస్తే నియమం తప్పిందేమోనని వాళ్ళు లెక్కపెడతారు, లుక్ బాత్ ఇస్తే చదువుతారు.

రాసే క్రమం, సరిచూసే క్రమం

బాత్ కూ రాసేటప్పుడు మొదటి పాదంతో మొదలుపెట్టకండి. ముందు ఐదు ప్రాస మాటలు రాసుకోండి. వాటిలో బలమైన రెండింటిని నాలుగు, ఆరు పాదాల చివర పెట్టి జంటలు కట్టండి. తర్వాత ముగింపు, ఎత్తుగడ అన్నిటికన్నా చివర. జంటలు నిలబడితే మిగతా పాదాలు వాటికి తోవ మాత్రమే. ఎత్తుగడతో మొదలుపెడితే మంచి మాటలన్నీ అక్కడే ఖర్చయి, ఐదో పాదం దగ్గర చేతిలో ఏమీ మిగలదు.

సరిచూడడం రెండు విడతల్లో చేయండి. మొదట పెన్సిల్‌తో ప్రతి మాట కిందా స, వ రాసుకుని పట్టికతో పోల్చండి. మర్నాడు పట్టిక చూడకుండా గొంతెత్తి చదవండి. ఆ తర్వాత వియత్నామీస్ మాతృభాషగా ఉన్నవాళ్ళ చేతికి కాగితం ఇచ్చి, ఏమీ వివరించకుండా చదవమనండి. వాళ్ళ గొంతు ఎక్కడ తడబడితే అక్కడ గీత పెట్టుకోండి. తడబాటు 4/3 విరుపు దగ్గరైతే మాటల క్రమం మార్చాలి, ప్రాస దగ్గరైతే మాట మార్చాలి.

బాత్ కూ మధ్యలో ఆగిపోయి, ఒక జంట ఎంతకీ కుదరకపోతే దాన్ని పారేయకండి. తుయెత్ అనే మాటకు "కోయడం" అనే అర్థం ఉంది. ఎనిమిదింట్లోంచి నాలుగు పాదాలు కోసి తీస్తే తూ తుయెత్ అవుతుందని పాతవాళ్ళు చెప్పే వివరణ. 1-2 పాదాలకు 7-8 కలిపి చూడండి, అతుకు సరిగ్గా కుదురుతుంది, ప్రాసా కుదురుతుంది. మొదటి నాలుగు తీసినా కుదురుతుంది. 5-8 తీస్తే మొదటి పాదానికి ప్రాస ఉండదు, అదీ చెల్లుతుంది. ఇలా కోసినప్పుడు మూడో పాదంలో మలుపు ఉందో లేదో మాత్రం మళ్ళీ చూసుకోవాలి, ఎందుకంటే బాత్ కూలో ఆ పాదం వేరే పని కోసం రాసింది.